వీక్షకులు లేని ఊరి జట్టు

మంచు హాకీని ప్రపంచం నలుమూలలకూ చేర్చిన ఘనత మా లీగ్ అధ్యక్షులు గార్ఫీల్డ్ ట్వీడీ గారిదేనని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆయన ధర్మమా అని కెనడాలో, మానిటోబా రాష్ట్రంలోని మా పైన్ రాపిడ్స్ ఊరి జట్టు ఆటలు ఇప్పుడు ఒంటెలు తిరిగే దేశాల్లో కూడా టీవీలో వస్తున్నాయి. ఒక్క పైన్ రాపిడ్స్‌లో మాత్రం రావు.

అది పొరపాటు కాదు, నియమం. ఇంట్లో కూర్చుని చూస్తే స్టేడియానికి ఎవరొస్తారని అధ్యక్షులవారి దూరాలోచన. స్టేడియం ఎలాగూ నిండిపోతోంది కదండీ అని ఎవరో అడగబోతే, ఆయన చిరునవ్వు నవ్వి నాయకత్వ లక్షణాల గురించి మాట్లాడారు. జన్మలో స్కేట్లు కట్టుకోని మనిషికి ఆట మీద ఇంత పట్టు ఉండటం మా అదృష్టం.

మా పక్కింటి ఓరెస్ట్ హ్రిచుక్ తుంటి విరిగి మంచాన పడ్డాడు. జట్టు పుట్టిన దగ్గర్నుంచి ఒక్క ఆట వదలని మనిషి. టీవీ పెడితే ‘మీ ప్రాంతంలో ప్రసారం లేదు’ అని నల్లటి తెర. అందుకని ఆట ఉన్న సాయంత్రం కిటికీ బార్లా తెరిపిస్తాడు. మనవాళ్ళు గోల్ కొడితే స్టేడియం సైరన్ మంచం దాకా వినపడుతుంది.

“ఆ కిటికీ మూయనివ్వవయ్యా బాబూ! గోల్ పడేలోగా నేను గడ్డకట్టి చస్తాను” అంటుంది భార్య డోరీన్.

“ఉష్! ఉండవే, మోగేట్టుంది!”

“నీ ముక్కు చూసుకో ముందు. బోర్ష్ట్ సూప్‌లో బీట్‌రూట్ ముక్కలా తయారైంది.”

సీజను ముగిశాక ట్వీడీ గారు మా ఊరు వేంచేసి సభ పెట్టారు.

“మిత్రులారా! అంకెలు అబద్ధమాడవు. ఈ జట్టు ఆటను ఈ ఊళ్ళో టీవీలో చూసినవారు ఒక్కరంటే ఒక్కరు లేరు. ప్రేమ లేని చోట జట్టును ఉంచడం మహాపాపం!”

“మీరు చూపిస్తేగా మేం చూసేది!” అని వెనక నుంచి అరిచింది డోరీన్.

“అమ్మగారి ఆవేశాన్ని గౌరవిస్తున్నాను. అది అంకెల్లో కూడా కనిపించి ఉంటే ఎంత బాగుండేది!” అని ఆయన మంచినీళ్ళు తాగారు.

జట్టు సరిహద్దు దాటి, అమెరికాలో ఒక ఎడారి నగరానికి తరలిపోయింది. అక్కడి ప్రేక్షకులు, ఇంత చక్కటి హాల్లో ఈ మంచెందుకు పోశారని అడుగుతున్నారట.

జట్టు మాది కాకుండా పోయింది కనుక నియమం కూడా మాకు వర్తించకుండా పోయింది. తొలి ఆట నాడు ఊరు ఊరంతా టీవీలకు అతుక్కుపోయింది. మేం హ్రిచుక్ గారింట్లో చేరాం. ఓరెస్ట్ వీపు కింద దిండ్లు పెట్టించుకుని లేచి కూర్చున్నాడు.

“మనవాళ్ళేనే డోరీన్! చూడు, మనవాళ్ళే!” అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“మనవాళ్ళెక్కడయ్యా? చొక్కాల మీద ఆ నాగజెముడు బొమ్మ కనపట్లేదా?” అంది డోరీన్. కుర్చీ మాత్రం టీవీ దగ్గరికి లాక్కుంది.

విరామంలో ట్వీడీ గారు తెర మీద ప్రత్యక్షమయ్యారు.

“ఇప్పుడే అందిన వార్త! ఈ ఆటను అందరికన్నా ఎక్కువగా చూస్తున్న ఊరు పైన్ రాపిడ్స్! జట్టు కళ్ళెదుట ఉన్నంతకాలం పట్టించుకోని ఊరది. తీసేస్తే తప్ప వాళ్ళకు ప్రేమ పుట్టదని నేను ముందే గ్రహించాను. ఇదే మేలు మరికొన్ని ఊళ్ళకూ చేయ సంకల్పించాం.”

“నీ మొహం మండ!” అని డోరీన్ చెప్పు తీసింది.

“కట్టెయ్యవే ఆ దిక్కుమాలిన టీవీ!” అన్నాడు ఓరెస్ట్.

“ఉండవయ్యా, మళ్ళీ ఆట మొదలవుతుంది.”

లీగ్ చరిత్రలోనే అత్యధికులు చూసిన ఘట్టం ట్వీడీ గారి ఆ ప్రసంగమేనని మర్నాడు ప్రకటించారు. అందులో అబద్ధమేమీ లేదు. మా ఊళ్ళో ఒక్క టీవీ కూడా ఎవరూ కట్టెయ్యలేదు. ఆయన్ని తిట్టాలంటే ఆయన్ని చూడాలి కదా, అందరం చివరిదాకా చూస్తూనే తిట్టాం.