వీర్రాజుగారి ఐసు సాయం

ఆ ఉదయం వీర్రాజుగారు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. కోడలు తేజస్విని గుండుగొలను నుంచి ఏలూరు కాలేజీకి కారులో తీసుకెళ్లాలి, ఒక పెట్టెడు ఐసు దించాలి, ఆపైన నోరు మూసుకుని కూర్చోవాలి. మొదటి రెండూ ఆయనకు అలవాటైన పనులే.

తేజస్వికి ఆ రోజు ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు డెమో క్లాసు. తణుకులోనూ, తాడేపల్లిగూడెంలోనూ "చూసి చెబుతాం" అని పంపేశాక మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే ఇక ఇంటర్వ్యూల జోలికి పోనని చెప్పేసింది. ఆ బెంగ ఆమెకంటే మామగారికే ఎక్కువ పట్టుకుంది.

"ఐసు కరిగేటప్పుడు వేడి లోపలికి పోతూనే ఉంటుంది, టెంపరేచర్ మాత్రం కదలదు. పెరిగేది ఎంట్రోపీ, అంటే లోపలి అణువుల చిందరవందర. అదే చూపించాలి మావయ్యగారూ" అంది.

ఆయనకు అర్థమైంది ఐసు ఒక్కటే. "ఐసు సంగతి నాకొదిలెయ్యమ్మా" అన్నారు.

కొల్లేరు అంచున చేపల చెరువులున్న మనిషికి ఐసు ఒక లెక్కా? తన ప్యాకింగ్ షెడ్డు మేస్త్రీ ఆనంద్ పాల్‌కు ఫోను చేసి, "కోడలి కాలేజీకి ఒక పెట్టె ఐసు కట్టించరా, మంచిగా" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆనంద్ పాల్ చేప లేకుండా ఐసు పెట్టె కట్టి ఎరగడు. పైగా అది అయ్యగారి కోడలి కాలేజీ. ఒక వరస ఐసు, ఒక వరస బలిసిన శీలావతి చేపలు, మళ్లీ ఐసు పరిచి, టేపు చుట్టి కారెక్కించాడు.

ల్యాబులో మూత తీసి ఐసు కదపగానే అటెండరు మణెమ్మ కళ్లు మెరిశాయి. "ఎంత తాజాగా ఉన్నాయండీ! మాకోటి ఇస్తారేంటండీ?"

చేప అడిగిన మనిషికి లేదనడం వీర్రాజుగారి ఇంటావంటా లేదు. "తీసుకోమ్మా, దానికేముంది" అన్నారు. మణెమ్మ వెనక క్లర్కు, ఆ వెనక లైబ్రేరియన్, ఆ వెనక సగం స్టాఫు వరసకట్టారు.

"ఏంటిది మావయ్యగారూ?" అంది తేజస్వి, ఏడుపు ఆపుకుంటూ.

"కంగారుపడకు తల్లీ. చేపలు ఇచ్చేస్తే మిగిలేది ఐసేగా!"

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ సూర్యప్రకాశరావుగారు వచ్చారు. వరస చూశారు, వీర్రాజుగారి చేతిలోని చేపను చూశారు. "డెమో క్లాసు రోజున స్టాఫుకి చేపలు పంచుతారా? దీన్నేమంటారో తెలుసాండీ?"

"శీలావతి అంటారండీ" అన్నారు వీర్రాజుగారు వినయంగా.

ఆ తరవాత ప్రిన్సిపాల్ గారు అందుకున్న ఉపన్యాసం వరండా చివరిదాకా వినిపించింది. ఆయన తిడుతున్నంతసేపూ తేజస్వి ఐసు బీకరులో వేసి, థర్మామీటరు గుచ్చి, కలుపుతూ నిలబడింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగగానే అందుకుంది.

"మీరు మొదలెట్టినప్పుడూ సున్నానేనండీ, ఇప్పుడూ సున్నానే. కానీ సగం నీళ్లయింది. లోపలికెళ్లిన వేడిని, ఆ సున్నా డిగ్రీలకి సమానమైన రెండు వందల డెబ్బైమూడు కెల్విన్లతో భాగిస్తే, ఐసుకి పెరిగిన ఎంట్రోపీ వస్తుందండీ."

ప్రిన్సిపాల్ గారిలో కోపిష్టి పక్కకు తప్పుకుని మాస్టారు ముందుకొచ్చారు. "మరి అంత వేడీ గదిలోంచి పోయిందేగా? ఇక్కడ పెరిగింది అక్కడ తగ్గి, చెల్లుకి చెల్లు అవ్వాలి కదమ్మా?"

"అవ్వదండీ. వేడి అంతే, కానీ గది ఐసుకంటే వెచ్చగా ఉంది. పెద్ద అంకెతో భాగిస్తాం కాబట్టి అక్కడ తగ్గేది తక్కువ. మొత్తం మీద పెరుగుదలే. అందుకే ఈ నీళ్లు ఈ గదిలో వాటంతటవే మళ్లీ ఐసవ్వవు."

ఆయన బీకరు వంక ఓసారి చూసి తన గదికి వెళ్లిపోయారు. అమ్మాయి బతుకు చేతులారా పాడుచేశానని కుమిలిపోతూ వీర్రాజుగారు కాసేపటికి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి చేతులు జోడించారు.

"తప్పు నాదండీ. అమ్మాయి బంగారం. కావాలంటే నన్ను ఇంకో గంట తిట్టండి, దాన్ని మాత్రం వదులుకోకండి."

"వదులుకోవడమేంటండీ? సోమవారం నుంచి రమ్మని ఇందాకే క్లర్కుతో అమ్మాయికి కబురంపానే!" అన్నారు ప్రిన్సిపాల్. "నేనంత గోల చేస్తున్నా పాఠం వదలని మనిషి క్లాసులో పిల్లలకు బెదురుతుందా? మీరు మాత్రం సాయం చెయ్యకండి, చాలు."

వీర్రాజుగారు కళ్లు తుడుచుకుని, ఆ గది గుమ్మంలోనే ఫోను తీశారు. "ఒరేయ్ ఆనందూ, అమ్మాయికి ఉద్యోగం వచ్చిందిరా! ఇంకో పెట్టె కట్టించు. ఈసారి చేపలు కొంచెం ఎక్కువెయ్యి!"

ప్రిన్సిపాల్ గారు విసురుగా లేచి తలుపు వేసుకున్నారు గానీ, గడియ పెట్టుకోలేదు.