వెంకటనర్సమ్మ చప్పట్ల కొరకు ఫణీంద్రుడు సలిపిన మాస్టరింగు మహాసంగ్రామము

చెవులు గలవారెల్లరు ఇటు జరిగి కూర్చుండుడు! ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభముల నడుమ వాహనకోటి హారన్లతో ఘోషించుచుండగా, మల్లాపూర్ యంత్రశాలలు ఆదివారపు సెలవుచే మౌనవ్రతము దాల్చియుండగా, మౌలాలి వైపునుండి గూడ్సుబండి కూత తేలివచ్చుచుండగా, తంగేడు గునుగు పూలమూటలతో నాచారం బజారు క్రిక్కిరిసిన భాద్రపద బహుళ అమావాస్య నాడు, అనగా ఎంగిలిపూల బతుకమ్మ నాటి ఉదయము తొమ్మిది గంటలకు, ఒకానొక ఇంటి మీది వాటాలో, బీరువాకును మంచమునకును నడుమనున్న మూడడుగుల రణక్షేత్రమున, లాప్‌టాపు సమ్ముఖమున, హెడ్‌ఫోన్‌కిరీటధారియు గణితోపాధ్యాయవర్యుడును అగు ఫణీంద్రుడు కూర్చుండి పండ్లు పటపట కొరుకుచుండెను.

ఈతడెవ్వడందురా? తణుకు ప్రాంతమునుండి వచ్చి నాచారమున ఇరువదియేండ్లుగా పాతుకొనినవాడు. కాలేజీ దినములలో పౌరాణిక నాటకములందు వేషము కట్టినవాడగుటచే, ఆవేశము వచ్చెనా, పలుకులు రంగస్థలము మీదివలె వెలువడును. బడి విడిచిన వెనుక ఆయనకు పాటల రికార్డింగే లోకము. ఇంట నున్న దుప్పట్లన్నియు గోడలకు మేకులు కొట్టి వ్రేలాడదీసి, బయటి చప్పుడు లోనికి రాకుండ కోట కట్టుకొనెను. ఇల్లాలు అరుణకుమారి కప్పుకొనుటకు ఒక్క దుప్పటియు మిగులలేదు, ఆమె ఓర్పుకు చేతులెత్తి మ్రొక్కవలెను!

ఇక సంగ్రామకారణము. క్రింది వాటాలో అద్దెకుండు వెంకటనర్సమ్మ జనగామ వైపునుండి వచ్చి మల్లాపూర్‌లో మసాలాపొడుల ప్యాకింగు పని చేయునది. ఆ గల్లీ బతుకమ్మకు పాట చెప్పునది ఆమెయే. ఈ యేడు తానే క్రొత్త పాట కట్టెను. శ్రావణమాసమున ఫణీంద్రుని గదిలో, తోటి ఆడవారు ఆరుగురు చప్పట్లు చరచుచుండగా "పొద్దుగాల లేసినం ఉయ్యాలో, పొట్లాలు గట్టినం ఉయ్యాలో" అని పాడి రికార్డు చేయించెను. అటు పిమ్మట ఆమె గొంతులో బుడిపె లేచెను. నలువది దినములు నోరు మెదపరాదని దవాఖానా డాక్టరు కట్టడి చేసెను. కావున ఈ సాయంకాలము ఆమె పాట మ్రోగవలెనన్న ఆ రికార్డొక్కటే దిక్కు.

రికార్డు చేసిన పాటను ఏ పెట్టెలో వేసినను పదిమందికి చక్కగ వినబడునట్లు చివరి మెరుగు దిద్దు విద్యను మాస్టరింగందురు. ఫణీంద్రుడు దిద్దెను గూడ. కాని నిన్నటి దినము ఆ పాటను సౌండుబాక్సుల అధిపతి తిరుపతి తన నల్లని మహాపేటికలలో వేసి చూచి పెదవి విరిచెను.

"సారూ, పాట మస్తుగున్నది గని సౌండే లేదు. డీజే పాట అయిపోంగనె గిది ఎత్తుకుంటె దోమ పాడినట్టుంటది. పాటపాటకు గుండీ తిప్పుకుంట కూసుండాల్నా నేను? రేపు ఐదింటి దాంక సూస్త. సౌండు రాకుంటె డీజే పాటలే నడిపిస్త, ఏమనుకోకు."

దోమ! ఆ యొక్క మాట ఆచార్యుని హృదయమున ములుకువలె దిగెను. అందుచేతనే ఇప్పుడు లాప్‌టాపునకు వ్రేలు చూపి గర్జించెను.

"ఓరీ డెసిబెలాధమా! ఆ సాధ్వి నోరు కట్టుబడియున్న వేళ ఆమె పాటను దోమగానమనిపించితివా! సూర్యుడస్తమించులోపల నిన్ను ఆకాశమునకెత్తకున్నచో, నేను చాక్‌పీసు ముట్టను గాక ముట్టను!"

"ఏవండీ, ఆ అరుపులేవో ఇడ్లీ తిన్నాక అరుద్దురు గానీ రండి, చల్లారిపోతోంది," అని వంటింటినుండి అరుణకుమారి పిలిచెను.

వీరుడు ఇడ్లీలు తిని మరల రణరంగము ప్రవేశించెను. మొదట ఈక్వలైజరను ఖడ్గమును దూసి, రికార్డింగునాడు దొంగవలె జొరబడిన ఫ్రిజ్జు గుంయిమను శబ్దమును మొదలంట నరకెను. పిదప కంప్రెసరు చేపట్టి, గొంతు హెచ్చినచోట తగ్గించి, తగ్గినచోట హెచ్చించి, చదును చేసెను. తుదకు లిమిటరను బ్రహ్మాస్త్రమును సంధించెను. అది గీటు దాటి తలయెత్తిన ప్రతి శబ్దమును నెత్తిన మొట్టి కూర్చుండబెట్టును. అట్లు మొట్టుచుండగా తక్కిన పాటనంతయు పైపైకి నెట్టవచ్చును. ఫణీంద్రుడు నెట్టెను, మరల నెట్టెను, అన్నము మాట మరచి నెట్టెను. తెరమీద కొండలు లోయలుగ నుండిన పాట మధ్యాహ్నము రెండు గంటలకు చదునైన ఇటుకవలె కనబడెను. ఫోనులో వేసి చూచెను, అదిరెను! వంటింటి స్పీకరులో వేసి చూచెను, గిన్నెలు గలగలమనెను!

"వినిపిస్తోందా?" అని ఆతడు కేకవేసెను.

"వినిపించకేం, పక్క వీధివాళ్లు కూడా చెవులు మూసుకున్నారు," అని ఇల్లాలు బదులు పలికెను.

విజయగర్వమున ఫణీంద్రుడు వెంకటనర్సమ్మను మీదికి పిలువనంపెను. ఆమె మాటాడరాదు గనుక, ఉప్పల్ మెట్రో స్టేషనులో పనిచేయు కూతురు త్రివేణి తోడు వచ్చెను. పాట మొదలయ్యెను. వెంకటనర్సమ్మ కాసేపు విని, కనుబొమలు ముడిచి, అరచేయి అడ్డముగ ఊపెను.

"మంచిగలేదంటుంది సార్," అనెను త్రివేణి.

"సౌండు ఇంకా చాలలేదా అమ్మా?" అని ఆతడు లిమిటరులోనికి మరి రెండు డెసిబెళ్లు తోసెను. ఆమె రెండు చెవులు మూసికొనెను.

"లొల్లి ఎక్కువైంది గని పాట రాలేదంటుంది సార్."

అక్కట! పదునాలుగు పరికరములు చేతనుండియు ఆ మహావీరునికి ఏమి చేయుటకు తోచలేదు. అంతట వెంకటనర్సమ్మ కొంగు బిగించి, ఆ మూడడుగుల నేలలోనే లేచి నిలిచెను. పాటతోపాటు వంగి, చేతులు కలిపి, కుడికాలు లేపెను. లేపిన కాలు లేపినట్లే నిలిచెను. ఆమె లాప్‌టాపు వైపు చూచెను, కాలు వైపు చూచెను, దేనికొరకో ఎదురుచూచి, తుదకు కాలు దించి తన అరచేతులతోనే ఠపామని ఒక్క చప్పట చరచెను.

"సప్పట్లేవి సార్?" అనెను త్రివేణి. "సప్పట్లు ఇనవడితెనె గద అడుగు పడేది! మాటలు ఎవలింటరు? మాటలు మాకందరికి ఒస్తయి."

ఇరువదియేండ్లుగా ఫణీంద్రుడు బతుకమ్మను మీది వరండానుండి చూచినవాడే గాని, ఏనాడును ఆ వలయము దరికి పోయి ఎరుగడు. పాటయన్న పదములే యనుకొనెను. చప్పట యన్నది క్షణమాత్రమున ఎగసి మాయమగు శబ్దము, గీటు దాటి తలయెత్తు వాటిలో మొట్టమొదటిది. ఉదయమునుండి తన లిమిటరు ఎడతెగక మొట్టినది శత్రువులను గాదు, ఆ యారుగురు ఆడవారి చేతులను! సిగ్గుచే ఆచార్యుని చెవులు ఎర్రబడెను.

"తప్పు నాదే నర్సమ్మక్కా," అని ఈసారి నాటకపుపలుకు మాని, మెల్లగ అనెను.

అప్పుడాతడు చేసినది వీరులెవ్వరును చేయనొల్లని కార్యము. నెట్టినదానిని వెనుకకు లాగెను. ఒక డెసిబెలు తగ్గించెను, వెంకటనర్సమ్మ తల అడ్డముగ ఊపెను. రెండు తగ్గించెను, ఆమె చేయి ఇంకనని సైగ చేసెను. ఆరవది తగ్గగానే, తెరమీది ఇటుక పగిలి సన్నని మొనలు లేచెను. గదిలో ఠప్, ఠప్ మని చప్పట్లు విడివిడిగ మ్రోగెను. ఆమె కుడికాలు దానంతటదియే నేలకు దిగెను.

ఐదు గంటలు కావచ్చెను. మువ్వురును గల్లీ చివరి మైదానమునకు పరుగుపెట్టిరి. పూలబతుకమ్మలు నడుమ కొలువుదీరియుండెను, ఆడవారు చీరలు సవరించుకొనుచుండిరి, తిరుపతి పెట్టెలు గర్జించుచుండెను. ఫణీంద్రుడు దిద్దిన పాట వేయగానే ఆ గర్జన అణగిపోయెను.

"మల్ల గదే దోమ గద సారూ! పొద్దంత ఏం జేసినవ్?"

ఫణీంద్రునకు మరల ఆవేశము వచ్చెను. "తిరుపతీ! పేటికాసహస్రనాయకా! లిమిటరుతో పాటను పెంచినచో చప్పట చచ్చును, చప్పట బ్రతుకవలెనన్న పాట ఒదిగియుండవలెను. కొరత తీర్చునది నీ యాంప్లిఫయరు గుండీ ఒక్కటియే! దానిని ఒక్క గీత, ఒకే ఒక్క గీత త్రిప్పి, ఈ గల్లీ స్త్రీజనమును కృతార్థులను గావింపుము!"

"నీ బాస జర తక్కువ జెయ్యి సారూ, నాకు తల తిరుగుతున్నది. పాటకో తీరు తిప్పుతె నా బాక్సులు ఖరాబైతయి."

అంతట వెంకటనర్సమ్మ జనమును తప్పించుకొని వచ్చి, తిరుపతి ముక్కునకు జానెడు దూరమున నిలిచి, ఠప్, ఠప్, ఠప్ మని మూడు చప్పట్లు చరచి, గుండీ వైపు వ్రేలు చూపెను.

"డాక్టరు మాట్లాడొద్దన్నడు గని బెదిరియ్యొద్దు అనలేదా పెద్దమ్మా!" అని తిరుపతి రెండడుగులు వెనుకకు వేసి, నవ్వాపుకొనలేక గుండీ త్రిప్పెను. ఒక్క గీత!

ఠప్! ఆ మొదటి చప్పట ఎదుటి గోడకు తగిలి మరలివచ్చెను. వలయమంతయు వంగెను, లేచెను, కదలెను. ఏ యొక్కరును తడబడలేదు. ఫణీంద్రుని కన్నులు చెమర్చెను, చెమటయని తుడుచుకొనెను. వెంకటనర్సమ్మ కాసేపు ఒడ్డున నిలిచి చూచెను. పన్నెండేండ్లుగా మైకు పట్టుకొని ఆ ఒడ్డుననే నిలిచి పాడినది. పాటచెప్పునది ఆడుటకు వీలులేదు గదా! నేడు పాడవలసిన పనిలేదు. ఆమె మెల్లగ వెళ్లి, కూతురి ప్రక్కన సందు చేసికొని, తన గొంతుకు తానే చప్పట చరచెను.

జయము! జయము! గణితోపాధ్యాయకులతిలకుడగు ఫణీంద్రుడు, ఉదయమునుండి సాయంకాలము వరకు ఘోరముగ పోరాడి, ఆరు డెసిబెళ్లు ఓడి, గుండీ మీద ఒక గీత గెలిచి, పన్నెండేండ్లుగా పాడుచున్న ఒక స్త్రీకి తన పాట మీద తానే వేసికొను మొదటి అడుగును సాధించి పెట్టెను!