వేణుగోపాల్ బద్ధకంపై క్షేత్ర విచారణ

మానవుడికి బద్ధకం పుట్టుకతో వచ్చిన ఆస్తి. క్రమశిక్షణ మాత్రం దరఖాస్తు పెట్టి, రుజువులు జతచేసి, పై అధికారి సంతకంతో తెచ్చుకోవలసిన సరుకు. ఈ సత్యాన్ని గుర్తించిన పెద్దలు (ఏ పెద్దలని అడగకండి, గుర్తించడంలో అందరూ ఒకటే) దర్శిలో స్వీయ క్రమశిక్షణ మంజూరు కేంద్రం తెరిచారు.

దర్శి పక్క ఊళ్లో మిర్చి రైతు వేణుగోపాల్ ఆ కేంద్రానికి అచ్చంగా తగిన మనిషి. నాటడం, మందు కొట్టడం ఎలాగో కిందామీదా పడి చేశాడు గానీ, కాయ కోసి కల్లంలో పోశాక ఉత్సాహం చచ్చింది. పొద్దున్నే టార్పాలిన్ పట్టా తీసి కాయ పరచాలి, ఎండలో తిరగెయ్యాలి, మంచు పడకముందే కుప్పచేసి మళ్లీ పట్టా కప్పాలి. చెడ్డవాడు కాదు పాపం. చేద్దామనే ఉంటుంది, మూడ్ రాదు.

"నీకు మూడొచ్చేదాకా కాయ ఆగుద్దా? తడిస్తే తాలైపోద్ది," అనేది భార్య రమణమ్మ. నిజమే, ఎర్రటి కాయ తెల్లబారి తాలయితే మిర్చి యార్డులో పలకరించే నాథుడుండడు. ఆ ఏటి పంటంతా ఆ కల్లంలోనే ఉంది.

పక్క కల్లం నాగూర్ వలి దారి చూపించాడు.

"ఒరేయ్ వేణూ, దర్శి కేంద్రంలో బద్ధకం సర్టిఫికెట్ తెచ్చుకోరా. ఉత్సాహం నింపటానికి రోజూ తెల్లారే ఒక మనిషిని ఇంటికి పంపుతారంట."

"పట్టా గూడా తీస్తాడా?"

"అది వేరే శాఖంట."

వేణుగోపాల్ దరఖాస్తు పెట్టాడు. బద్ధకం వంశపారంపర్యమా, స్వార్జితమా అని అడిగిన చోట కొంచెం గర్వంగానే స్వార్జితమని రాశాడు.

నెల తిరక్కుండానే ఉప సంకల్పాధికారి ప్రసన్నకుమార్ గారు గొడుగుతో సహా కల్లంలోకి విచారణకు దిగారు. వస్తూనే నిబంధన చదివి వినిపించారు. విచారణ ముగిసేవరకు దరఖాస్తుదారు ఏ పనీ చేయరాదు. చేసినచో బద్ధకం లేనట్లు భావించి దరఖాస్తు కొట్టివేయబడును. (కూర్చోవచ్చా అని వేణుగోపాల్ అడిగాడు. కూర్చోవడం పనా కాదా అన్న విషయం పై కార్యాలయంలో పెండింగులో ఉన్నందున నిలబెట్టారు.)

విచారణ సగంలో ఉండగా పడమట మబ్బు కమ్మింది. గాలి లేచింది. రమణమ్మ పరుగున వచ్చి పట్టా లాగింది గానీ, ఆ గాలికి పట్టా ఒక్కరికి లొంగేది కాదు. ఒక కొస పట్టుకుంటే రెండో కొస ఎగిరిపోతోంది.

"ఏందయ్యా అట్టా గుంజలాగా నిలబడ్డావ్! ఆ కొస పట్టుకో!"

చెబితే నమ్మరు, సరిగ్గా అప్పుడే వేణుగోపాల్‌కి మూడ్ వచ్చింది. చేతులు పట్టా వైపు లాగేశాయి, కాళ్లు నిలవలేదు.

"సార్, ఒక్క కొస పట్టుకుంటానండీ."

"మీ ఇష్టమండీ. పట్టుకోండి, ఫైలు మూసేస్తాను," అన్నారు ప్రసన్నకుమార్ గారు గొడుగు విప్పుతూ.

వేణుగోపాల్ ఆలోచించాడు. వాన ఈ ఒక్కరోజే. సర్టిఫికెట్టయితే జీవితాంతం. పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. వాన దంచికొట్టింది. రమణమ్మ దొరికినంత మేర పట్టా కప్పి, దాని మీదే బోర్లాపడి ఏడ్చింది. వేణుగోపాల్‌కి గుండె తరుక్కుపోయింది. అయినా కదల్లేదు. కాలవలు కట్టిన ఎర్రటి నీళ్లు అతని పాదాల మీదుగానే వెళ్లాయి.

వాన వెలిశాక ప్రసన్నకుమార్ గారు గొడుగు దులిపి, వేణుగోపాల్ చెయ్యి పట్టుకుని ఊపారు.

"నా సర్వీసులో ఇంత నిగ్రహం చూడలేదండీ! కళ్లముందు పంట తడుస్తోంది, ఇంటావిడ ఏడుస్తోంది, మీరు వేలు కూడా కదపలేదు!"

అక్కడికక్కడే ఫైల్లో రాసి సంతకం పెట్టారు. దరఖాస్తుదారు వద్ద స్వీయ క్రమశిక్షణ పుష్కలంగా ఉన్నది. బద్ధకం రుజువు కాలేదు. తిరస్కరించడమైనది.

అప్పీలు చేసుకోవచ్చట. రుజువుగా ఆ కాయల్నే తేవాలట, బాగా ఎండబెట్టి.