మూడు డిగ్రీల ప్రభుత్వం

నాగరికత అంటే ఒక వస్తువును ఎత్తడం, ఎత్తినందువల్ల వంకరపోయిన దానిని సరిచేయడానికి ఒక కార్యాలయాన్ని స్థాపించడం, ఆ కార్యాలయమే వంకరగా ఉందని తేలిన తరువాత వస్తువును మళ్ళీ దానికి అనుగుణంగా వంచడం. ఈ మూడు దశలనూ ఇరవై రెండు నెలల్లో పూర్తిచేసిన ఘనత మా కోల్డర్ కౌంటీకి దక్కింది. (పెద్ద పెద్ద సామ్రాజ్యాలకు ఇదే పనికి శతాబ్దాలు పట్టాయి. వాటి వద్ద ముద్రిత దరఖాస్తులు లేవు.)

మా కొండ శిఖరాన ఒక కావలి మంచె ఉంది. పూర్వం అడవి మంటలను కనిపెట్టడానికి మనుషులు అందులో వేసవి అంతా కాపురముండేవారు. అక్కడికి పోయే పాత గని రోడ్డును సంవత్సరానికి ఒక్క రోజు, సెప్టెంబరు రెండో శనివారం నాడు, ప్రజలకు తెరుస్తారు. రోడ్డులో రాళ్ళు మోకాలెత్తు. కనుక మొదటి నియమం ప్రకారం నాలుగు అంగుళాలు ఎత్తు పెంచని పాత జీపు ఏదీ ఆ రోడ్డెక్కరాదు.

జీపును ఎత్తితే గేరు పెట్టె పైకి పోతుంది. వెనక ఇరుసు కిందనే ఉంటుంది. ఆ రెంటినీ కలుపుతూ తిరిగే ఇనుప షాఫ్టు ఏటవాలు పెరుగుతుంది. షాఫ్టుకు రెండు కొసలా క్రాస్ జాయింటు అనే కీలు ఒక్కొక్కటి ఉంటుంది. ముందు కొస ఎంత వంగిందో వెనక కొస కూడా అంతే వంగితే ఒకదాని ఒడుదుడుకును మరొకటి రద్దు చేస్తుంది. తేడా వస్తే షాఫ్టు ప్రతి చుట్టులోనూ రెండు సార్లు తొందరపడి రెండు సార్లు సందేహిస్తుంది. గంటకు ముప్ఫై మైళ్ళు దాటగానే ఆ సందేహం ప్రయాణికుల దవడలకు చేరుతుంది. దీనికి విరుగుడు సులభం. ఒక అంచు మందంగా, ఒక అంచు పలచగా ఉన్న వాలు బిళ్ళను స్ప్రింగు కమానుకూ ఇరుసుకూ మధ్య పెట్టి బిగిస్తే ఇరుసు కావలసినంత తిరుగుతుంది. రెండు గంటల పని. మా కౌంటీలో రైతులు దీనిని అరవై ఏళ్ళుగా ఎవరి అనుమతీ లేకుండా చేసుకుంటున్నారు. ఈ అరాచకాన్ని అంతం చేయడానికే కోణాల ధ్రువీకరణ కార్యాలయం ఏర్పడింది.

కార్యాలయాన్ని మూతబడిన వెన్న కర్మాగారంలో పెట్టారు. వెన్న కర్మాగారాలలో నేలను కడిగిన నీరు పోవడానికి గచ్చును కాలువ వైపు వాలుగా వేస్తారు. ఇక్కడ ఆ వాలు మూడు డిగ్రీలు.

మార్వా టాలివర్ తన అరవై ఏడు నాటి జీపుతో ఈ కార్యాలయానికి వచ్చింది ఆ శనివారానికి నాలుగు రోజుల ముందు. ఆమె వయసు డెబ్బై ఒకటి. ముప్ఫై మూడేళ్ళు స్కూలు బస్సు నడిపి పదవీ విరమణ చేసిన మనిషి. వెంట ఆమె అక్క ఆర్డిత్ ఉంది. ఆర్డిత్ పంతొమ్మిదో ఏట రెండు వేసవులు ఆ మంచె మీద కావలి ఉండి మంటలను కనిపెట్టింది. మంచె నుంచి పదకొండు శిఖరాలు కనిపిస్తాయి. వాటి పేర్లను ఆమె ఎనభై నాలుగో ఏట కూడా ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా చెప్పగలదు. అయితే కంటి డాక్టరు లెక్క ప్రకారం వచ్చే సెప్టెంబరు నాటికి ఆమెకు వెలుగు, నీడ అనే రెండు మాత్రమే మిగులుతాయి. ఆ పదకొండింటినీ ఇంకొక్కసారి చూడాలని ఆమె కోరిక. (దరఖాస్తులో 'ప్రయాణ కారణం' అనే గడి లేదు.)

తనిఖీ అధికారి వెండెల్ క్రౌస్ జీపు కిందికి దూరి, వెనక కొస దగ్గర కోణమాపకం పెట్టి, బయటికి వచ్చి, ముఖం తుడుచుకున్నాడు.

"మూడున్నర డిగ్రీల తేడా ఉందండీ మార్వా గారూ. ఒకటి దాటకూడదు."

"అర డిగ్రీ. నాలుగు సార్లు కొలిచాను. బరువంతా చక్రాల మీద ఉంచే కొలిచాను, స్టాండ్ల మీద వేలాడదీసి కాదు."

"ఎక్కడ కొలిచారండీ?"

"మా గ్యారేజీలో."

"మీ గ్యారేజీకి ధ్రువపత్రం ఉందా?"

"దానికి తలుపే సరిగ్గా లేదు."

"అదే మరి."

"సరే, ముందు కొస ఎంత వచ్చింది?"

"ముందు కొస కొలవమండీ. అది పుస్తకంలో ఉంటుంది. మీ మోడలుకి ఎంతని ఉందో చూసి రాసేస్తాం."

మార్వా అతని వైపు చూసింది. బస్సు అద్దంలోంచి వెనక సీట్ల వైపు చూసేటప్పటి చూపు అది. వెండెల్ ఆరేళ్ళు ఆ బస్సులో వెనక సీటులో కూర్చున్నవాడే.

"చూడు వెండెల్. పుస్తకం రాసినవాడు బండిని సమంగా ఉన్న చోట పెట్టి రాశాడు. నువ్వు నీ నేల మీద పెట్టావు. నేల వాలితే రెండు కొసలూ కలిసే వాలతాయి. రెండూ కొలువు, తీసేయి, ఆ వాలు దానంతటదే పోతుంది. ఒకటి కొలిచి ఒకటి చదివితే నువ్వు కొలిచింది నా షాఫ్టునా, నీ గచ్చునా?"

"గచ్చు సమంగానే ఉందండీ. అదిగో, గోడ మీద."

గోడ మీద గచ్చు సమంగా ఉన్నట్లు ధ్రువపత్రం అద్దాల చట్రంలో ఉంది. రాజధానిలోని ఒక ఇంజనీరు భవనం పటాన్ని చూసి ఇచ్చాడు. పటంలో గచ్చు ఒక సరళరేఖ.

సరిగ్గా అప్పుడు బల్ల మీద కూర్చున్న ఆర్డిత్ ఒడిలోంచి నారింజ పండు జారింది. అది తొందరేమీ లేకుండా దొర్లుతూ జీపు కిందుగా పోయి, వెండెల్ బూట్ల మధ్య నుంచి సాగి కాలువలో పడింది.

"ఎటు పోయిందే?" అంది ఆర్డిత్.

"కాలువలోకి అక్కా."

"పోతుందిలే. కూర్చున్నప్పటి నుంచీ నా బరువంతా ఒక పక్కకే పడుతోంది. అది తెలియడానికి కళ్ళెందుకు?"

వెండెల్ చిట్టా తెరిచాడు. "పండ్లు ఆమోదించిన పరికరాలు కావండీ." ఆ తరువాత చిట్టాలో 'నారింజ, ఒకటి, స్వాధీనం' అని రాసుకున్నాడు.

వెండెల్ చెడ్డవాడు కాడని ఇక్కడ నమోదు చేయడం న్యాయం. తిరస్కరిస్తూ సంతకం పెట్టిన కాగితం తిరిగి ఇస్తూ అతడు గొంతు తగ్గించాడు. "గచ్చు సంగతి నాకు తెలియదనుకున్నారా? ఏడాదిన్నరగా నడుం నొప్పి. డాక్టరు ఎడమ బూటులో బిళ్ళ వేశాడు."

"ఎంత బిళ్ళ?"

"మూడు డిగ్రీలండీ. ఇక్కడ నిటారుగానే ఉంటాను. బయటికి పోతేనే ఒరుగుతున్నాను."

"మరి పైవాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పాను. బూటుని ధ్రువీకరణకి తెమ్మన్నారు."

ఈ పరిస్థితికి కౌంటీ ప్రజలు మొదటి ఏడాదే ఒక పద్ధతి కనిపెట్టారు. ప్రతి ఇంటిలోనూ రెండు జతల వాలు బిళ్ళలు ఉంటాయి. ఒకటి కార్యాలయపు జత, రెండోది రోడ్డు జత. కార్యాలయానికి ఎదురుగా పశువుల దాణా కొట్టు ఉంది. దాని ముందు ఖాళీ స్థలంలో వరసగా జీపుల కింద పడుకుని, గచ్చుకు సరిపోయే తప్పు బిళ్ళను బిగించి, వీధి దాటి, ధ్రువపత్రం తీసుకుని, వీధి దాటి తిరిగి వచ్చి, సరైన బిళ్ళను పెట్టుకుని ఇంటికి పోయేవారు. (బిళ్ళను బిగించే యు-బోల్టులను ఒకసారి విప్పితే మా వాళ్ళు మళ్ళీ వాడరు, ప్రతిసారీ కొత్తవే బిగిస్తారు. కనుక ఈ విధానం వల్ల బోల్టుల వ్యాపారం అభివృద్ధి చెందింది. వార్షిక నివేదిక ఈ విషయాన్ని ఉపాధి కల్పన కింద పేర్కొంది.)

అయితే కోణాల సంచాలకులు ఓరిన్ బ్లాష్‌ఫీల్డ్ గారి గదికి కిటికీ ఉంది. ఆయన ఒకనాడు కాఫీ తాగుతూ ఆ కిటికీలోంచి చూశారు. దాని ఫలితమే పద్నాలుగో ఉత్తర్వు. ఈ ఏడాది నుంచి తనిఖీలో నెగ్గిన బండ్ల బోల్టులపై ఎర్ర లక్క ముద్ర వేస్తారు. ముద్ర శనివారం సూర్యాస్తమయం వరకు చెదరకూడదు. చెదిరిన బండిని గని రోడ్డు గేటు వద్ద ఆపివేస్తారు.

దాణా కొట్టు ముందు జీపు కింద పడుకున్న మార్వా చాలాసేపు పాన తిప్పలేదు.

"యాభై ఏళ్ళుగా ఒక్క బోల్టు కూడా తప్పు బిగించలేదే అక్కా. ఇప్పుడు తెలిసి తెలిసి బిగించమంటావా?"

"బిగించు. బోల్టులు వచ్చే ఏడాది కూడా ఉంటాయి."

మార్వా బిగించింది. వెండెల్ కొలిచాడు. తేడా అర డిగ్రీ. లక్క ముద్ర వేసి, అభినందించి, పత్రం చేతిలో పెట్టాడు. ఆమె ఊరి బయటి దాకా నడిపి, ముప్ఫై నాలుగు మైళ్ళ వేగం వద్ద వెనక చూసే అద్దం ఊడి ఒళ్ళో పడగా, వెనక్కి తిరిగి వచ్చింది. కార్యాలయంలో రెండో కిటికీ కంపన ఫిర్యాదులది. వెండెల్ మొదటి కిటికీ మూసి, రెండు అడుగులు జరిగి, దానిని తెరిచాడు.

"చెప్పండి."

"నాకు తెలిసిందే నీకూ తెలుసు కదా వెండెల్. బండి వణుకుతోంది."

"కోణం వల్ల అయితే కాదండీ. కోణం సరిగ్గా ఉందని ఇందాక నేనే రాశాను."

"మరి దేనివల్ల?"

"పత్రంలో రెండే గడులు ఉన్నాయి. కోణం, చోదకులు."

"అంటే నేనే వణుకుతున్నానా?"

"నేను అనలేదండీ. మిగిలిన గడి అంటోంది."

అలా మార్వా టాలివర్ చోదక కంపన జాబితాలోకి ఎక్కింది. చేతులకు చేయవలసిన వ్యాయామాల కరపత్రం ఒకటి ఇచ్చారు. ఆ వారం అదే కరపత్రం మరో నలభై ఆరు మందికి అందింది. కౌంటీ ప్రజలలో నరాల బలహీనత ప్రబలుతున్నదని ఆరోగ్య శాఖ ఆందోళన వ్యక్తం చేసింది.

శనివారం ఉదయం తొమ్మిదింటికి బ్లాష్‌ఫీల్డ్ గారు పచ్చ జెండా ఊపారు. గేటు నలభై మైళ్ళ దూరంలో ఉంది. పదింటికి మూస్తారు. ముందుగా బయలుదేరడం పోటీ స్వభావాన్ని ప్రోత్సహిస్తుంది కనుక నిషేధం. వరసలో ఒకరినొకరు దాటడం కూడా నిషేధం. మొదటి స్థానం మార్వాది.

వేగం ముప్ఫై అయిదు మైళ్ళకు చేరగానే డాష్‌బోర్డు మీది హకిల్‌బెర్రీ పండ్ల తీపి రొట్టె డబ్బా నేలకు దిగింది. నలభై వద్ద ఆర్డిత్ రెండు చేతులతో కళ్ళ కింది ఎముకలు నొక్కి పట్టుకుంది.

"ఎలా ఉందక్కా?"

"చెట్లన్నీ రెండేసి అయ్యాయి. బాగానే ఉంది, అడవి పెరిగింది."

వెనక క్రాస్ జాయింటు అప్పటికే కిచకిచమంటోంది. అది విరిగితే షాఫ్టు రోడ్డు మీద పడుతుంది, ప్రయాణం అక్కడితో సరి. విరగకపోతే, పైకి చేరే సరికి ఆర్డిత్ కళ్ళలో మిగిలినది మిగులుతుందో లేదో చెప్పగల డాక్టరు వెంట లేడు. మార్వా యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది. వేగం ఇరవై ఎనిమిది. వణుకు ఆగింది. ఆమె వెనక నలభై ఆరు ధ్రువీకృత వాహనాలు ఇరవై ఎనిమిదికి దిగాయి. ఒక్కరు కూడా హారను కొట్టలేదు. అందరికీ ఉపశమనంగానే ఉంది.

వారు గేటు చేరేసరికి పది గంటల ఇరవై ఆరు నిమిషాలు. గేటు పసుపు రంగు రేకు తలుపు, నిలువెత్తు. తాళం పడి ఉంది. దాని ముందు శనివారపు విధి నిర్వహిస్తున్న వెండెల్ క్రౌస్, సమతలమైన నేల మీద, కుడివైపుకు మూడు డిగ్రీలు ఒరిగి నిలబడి ఉన్నాడు.

"తాళంచెవి నీ దగ్గరే ఉందిగా," అంది మార్వా.

"ఉందండీ. కానీ తెరిచిన సమయం రాయాలి. చిట్టాలో పదింటి తరువాత గడి లేదు."

"అక్కకి ఇదే ఆఖరుసారి వెండెల్. నీ చిన్నప్పుడు చలికాలం రోడ్డు మంచుతో మూసేస్తే నిన్ను ఇంటి గుమ్మం దాకా దింపేదాన్ని. దానికి ఏ గడి ఉంది?"

వెండెల్ తాళంచెవిని జేబులోంచి తీశాడు. దాని వైపు చూశాడు. లక్క ముద్రలు చెదరలేదని ఒక్కొక్క బండి కిందా వంగి చూడడానికి పోయాడు. అది పదింటి తరువాత కూడా అనుమతించబడిన పని. చూడడం పూర్తయ్యాక తాళంచెవిని జేబులో పెట్టుకున్నాడు.

ఈలోగా ఆర్డిత్ జీపు దిగి, చేయి చాచి, రేకును తాకింది.

"పసుపు రంగు కదూ?"

"అవునక్కా."

ఆమె గేటుకు ఎదురుగా నిలబడి, ఉత్తరం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చోటికి వేలు చూపుతూ, పదకొండు పేర్లూ చెప్పింది. తొమ్మిదో దాని దగ్గర ఒక క్షణం ఆగి, వేలును కొంచెం ఎడమకు జరిపి సరిచేసుకుంది. వెండెల్ టోపీ తీసి, చిట్టాలో ఏదో రాసుకున్నాడు.

వార్షిక నివేదిక అక్టోబరులో వెలువడింది. కోణాల ధ్రువీకరణ వల్ల కౌంటీలో ఎత్తు పెంచిన వాహనాల సగటు వేగం ఇరవై ఎనిమిది మైళ్ళకు తగ్గిందని, గని రోడ్డుపై ఈ ఏడాది ఒక్క ప్రమాదం కూడా జరగలేదని, అందుకు బ్లాష్‌ఫీల్డ్ గారికి పదోన్నతి లభించిందని అందులో ఉంది. పదకొండు శిఖరాలూ యథాస్థానంలో ఉన్నట్లు ఒక సందర్శకురాలు గేటు వద్ద మౌఖికంగా ధ్రువీకరించారని కూడా ఉంది.

ఫిర్యాదు ఉన్నవారు వచ్చే సెప్టెంబరులోగా పత్రాన్ని స్వయంగా చదివి, స్వహస్తాలతో నింపి పంపాలి. అక్షరాలు కొంచెం చిన్నవి. ఆర్డిత్ టాలివర్ నుంచి ఇంతవరకు ఫిర్యాదు ఏదీ అందలేదు.