మైకు పిలుపు

ముహూర్తం రెండింటికి. ఆలోపు భోజనాలు కానిచ్చేస్తే, తాంబూలాలు మార్చుకుని సాయంత్రానికి ఇంట్లో నడుం వాల్చవచ్చని ఆ ఉదయం సుగంధి లెక్క వేసుకుంది. కూతురు రాగిణి నిశ్చితార్థం, జార్జ్ టౌన్‌లో ఒక హాల్లో. వడ్డించేవాళ్ళ బెడద ఉండదు కదా అని బఫే పెట్టించింది, పిచ్చిది!

అందరూ ప్లేట్లు పట్టుకుని లేచారు. పెళ్ళికొడుకు పెదనాన్న అచ్చయ్య మాత్రం కుర్చీలోంచి కదలలేదు. తాంబూలం అందుకోవాల్సిన పెద్దమనిషి ఆయనే మరి.

"తినరేటి అన్నయ్యగారూ?" అంది సుగంధి.

"ఎవులు పిలిసినారు? ప్లేటట్టుకుని లైన్లో నిలబడ్డానికి నేనేటి, ముష్టోడినా?"

"మైకులో సెప్పినాం కదండీ!"

"మైకు నాకేటవుద్ది? సుట్టమా?"

సుగంధికి ఒళ్ళు మండింది. అయినా ఆడపిల్ల తల్లి కదా, చేతులు జోడించి భోజనానికి రమ్మంది. "అడిగించుకుని పిలిస్తే అదో పిలుపేటి?" అని ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

మొగుడు తినకుండా తానెలా తింటానని అచ్చయ్య భార్య పాపాయి చెంచా కింద పెట్టేసింది. పెద్దమ్మ మానేసిందని పెళ్ళికొడుకు విక్నేష్ మానేశాడు. మగపెళ్ళివారు పస్తుంటే మనం మెక్కడమేమిటని సుగంధి భర్త శరవణ్ తనవాళ్ళ చేతుల్లోంచి ప్లేట్లు లాగేసుకున్నాడు. సుగంధి కుర్చీ కుర్చీకీ తిరిగి బతిమాలింది. అందరిదీ ఒకటే మాట, "ముందు అచ్చయ్యగారు." ఈలోగా ముహూర్తం దాటిపోయింది. ఇక ఎవరూ తినరనుకుని వంటవాళ్ళు గిన్నెలన్నీ వ్యాన్‌లో ఎక్కించుకుని పోయారు.

"ఈ సంబంధం సంగతి ఆలోసించాల," అంటూ అచ్చయ్య లేచాడు.

"మా, క్యాన్సిల్ ఆ?" రాగిణి ఏడుపు మొదలుపెట్టింది.

"నోరు ముయ్యి లా!" అని ఆ ఊరి యాసలో కసిరి, సుగంధి తాంబూలం పళ్ళెంతో ఆయన వెనకే వీధిలోకి పరుగెత్తింది.

మలుపులో నాసి కందార్ కొట్టు. అన్నం మీద రకరకాల పులుసులు పోసి ఇస్తున్నారు. ఆ వాసనకి అచ్చయ్య కాళ్ళు ఆగిపోయాయి. గరిటె పట్టుకున్నవాడు తమిళంలో కేకేశాడు. "వాంగ బాస్, సాప్పిడ వాంగ!"

"ఇన్నావా? రండి, తినండి అన్నాడు. అదీ మర్యాదంటే! నేర్సుకోండి," అని అచ్చయ్య స్వయంగా ప్లేటు అందుకుని, ఎండలో, అంత పొడుగు వరసకీ చివర వెళ్ళి నిలబడ్డాడు. రెండోసారి పులుసు పోయించుకున్నాక మనసు మెత్తబడి, ఆ రేకు బల్ల మీదే తాంబూలం పుచ్చుకున్నాడు. ముహూర్తం ఊసు ఎవరూ ఎత్తలేదు.

అంతలో కొట్లో దూరిన పిల్లిని గరిటెవాడు "పో బాస్, పో!" అని అదిలించాడు. కూతురి పెళ్ళి కదా, సుగంధి వినీ విననట్టు ఊరుకుంది.