డాక్టరు సంతకం వర్ధిల్లాలి!

పసిబిడ్డల వార్డులో పని బాగా తెలిసిన నర్సుకు సంతకం పెట్టే హక్కు మాత్రం ఇవ్వకూడదు! ఇస్తే దేశం ఏమైపోతుంది?

మా యార్క్‌షైర్ ఆసుపత్రినే చూడండి. అక్కడి పెద్ద నర్సు గేనర్ పైచదువులు చదివి, ఇరవై రెండేళ్లుగా నెలతక్కువ బిడ్డలనే చూస్తోంది. నా మనవరాలు హెట్టీ ఏడు వారాలు ముందే పుట్టి, ఊపిరందక నీలమైపోతే గొంతులోకి గొట్టం వేసింది ఆమే. డాక్టర్లు పక్కన నిలబడి నేర్చుకున్నారు. దీనికి నాకు అభ్యంతరం లేదు. ప్రాణం నిలబెట్టడానికి సంతకం అక్కర్లేదు కదా!

నెల తర్వాత, ఒక ఉదయం తొమ్మిదింటికి, గేనర్ బిడ్డను తల నుంచి పాదం దాకా పరీక్షించింది. "పిల్ల బంగారం, మాస్టారూ! ఇక తీసుకెళ్లండి. డాక్టరు సంతకం ఒక్కటే తక్కువ."

మేము నేరుగా వెళ్లాల్సింది హాస్పిస్‌కు. అక్కడ చివరి రోజుల్లో ఉన్న నా భార్య లినెట్ మనవరాలిని ఇంకా చూడలేదు. పదింటికల్లా వస్తామని చెప్పాం.

బిడ్డను ఇంటికి పంపే కాగితం మీద గేనర్ సంతకం చెల్లదట. ఎంత ముందుచూపు!

ఎదురుచూపుతో ఎన్ని లాభాలు! హెట్టీ తల్లి, మా అమ్మాయి రోవెనా, బిడ్డను కారులో కూర్చోబెట్టే బుల్లి సీటు బెల్టును పదకొండుసార్లు బిగించి విప్పింది. ఇప్పుడు కళ్లు మూసుకుని పెట్టగలదు. చేతులు కడుక్కునే పద్ధతి గోడమీది బొమ్మలతో సహా నాకు కంఠతా వచ్చింది. హెట్టీ యంత్రాల కూతల్లో ఏది ఏ మంచానిదో గుర్తుపట్టేస్తోంది! ఏ బడిలో నేర్పుతారండీ ఇవన్నీ?

మూడింటికి డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఆ వార్డులో చేరి తొమ్మిది రోజులట. బిడ్డ గుండె విని, కంగారుగా తలెత్తింది.

"గేనర్, ఏదో చప్పుడొస్తోంది..."

"పిల్ల పాలపీక చీకుతోంది తల్లీ. అది తీసి విను."

విన్నది. తేలిగ్గా నవ్వింది.

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఇదిగో, నేను వేలు పెట్టినచోట."

చూశారా! నియమం అంటే ఇలా ఉండాలి. దీన్ని మార్చమని అడిగేవాళ్లు తొందరపాటు మనుషులు.

నాలుగింటికి లినెట్ ఒళ్లో హెట్టీని పెట్టాం. "ఈ గోళ్లేంటి, ఇంత పెరిగాయి? ఒక్కరూ చూడలేదా?" అని మమ్మల్ని తిట్టింది. నలభై నిమిషాలు మెలకువగా ఉంది. తర్వాత నిద్రలోకి జారింది, మళ్లీ లేవలేదు.

ఆ రోజు పొద్దున్నించీ ఆమె మెలకువగానే ఉందని, తలుపు వైపే చూస్తూ కూర్చుందని, అక్కడివాళ్లు తర్వాత చెప్పారు.