మోకాలికి బెత్తెడు దిగువ

బల్ల ఎత్తు తగ్గేకొద్దీ గది పెద్దదవుతుందని నా నమ్మకం. కుర్చీలూ బల్లలూ చేసుకుని బతికే మిలాన్ పక్కన మా బ్రియాంజా మనుషుల మధ్య ఈ మాటే చెబుతూ వయసు గడిపాను. నా పేరు ఎర్మెస్. కార్ఖానాలో మాత్రం అందరూ ‘తీసెయ్’ అంటారు. ఏ నమూనా చూపించినా నా నోట వచ్చే మొదటి మాట అదేనట.

ఆ ఏడు చేసిన బల్లలో తీసేయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఒక అక్రోటు చెక్క పలక, కింద రెండు దిమ్మలు, ఎత్తు మోకాలికి బెత్తెడు దిగువ. ఏప్రిల్లో మిలాన్ ప్రదర్శనకు అది వెళ్తుందా లేదా అన్నది మా యజమాని మావ్రి గారు తేల్చాలి. ఆయనది తాతల నాటి పద్ధతి. తొలి నమూనాను చేసినవాడి ఇంటికే పంపిస్తారు. నెల పోయాక వచ్చి, చేసినవాణ్ణి కాదు, అది ఎలా ఉందని అతని భార్యను అడుగుతారు.

నా భార్య ఓర్నెల్లా దాన్ని ఒకసారి చూసి, "మిగతా సగం ఎప్పుడొస్తుంది?" అంది.

అందుకని ఒక ఉపాయం పన్నాను. భోజనాల బల్లకు పురుగు పట్టింది, మందు వేయించాలని చెప్పి, కాళ్లు ఊడదీసి నేలమాళిగకు చేర్చాను. మరో దారి లేనప్పుడు మనిషి దేనికైనా అలవాటు పడతాడు. అలవాటు కొన్నాళ్లకు ఇష్టమవుతుంది. ఇంత లోతైన ఆలోచన నాకు తట్టినందుకు ఆ పూట కొంచెం గర్వపడ్డాను కూడా.

"మా అమ్మమ్మ కాలం నుంచి పట్టని పురుగు నీ బల్ల రాగానే పట్టిందా?"

"అసూయ కావచ్చు," అన్నాను.

ఆదివారం మా అత్తగారు జాయిరా భోజనానికి వచ్చింది. మా వైపు మొక్కజొన్న సంకటిని పీట మీద కుమ్మరించి నడుమ పెట్టుకుంటాం, చుట్టూ కూర్చుని తింటాం. ఆరోజు నేల మీద కూర్చున్నాం. అత్తగారు పూర్తిగా కూర్చునేసరికి సంకటి చల్లారింది. మా కుక్క బర్తోలోకు మాత్రం బతుకులో మొదటిసారి సరైన ఎత్తులో బల్ల దొరికింది. పంది మాంసం కూరంతా తొందరపడకుండా, మర్యాదగా తిన్నది. ఆపుదామంటే కాళ్లు తిమ్మిరెక్కి ఎవరమూ లేవలేకపోయాం.

అత్తగారిని ఇద్దరం చంకల కింద చేతులు వేసి లేపాం. "అల్లుడూ, దీన్ని అమ్మకు. నా సమాధి మీదికి పనికొస్తుంది," అంది.

ఓర్నెల్లా వంగి పళ్లేలు ఏరుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ వంగడాన్ని అలవాటుకు తొలిమెట్టు అనుకున్నాను.

నెల తిరిగాక మావ్రి గారిని నేనే వెంటబెట్టుకుని వచ్చాను. లిఫ్టు పనిచేయడం లేదు. భారీ మనిషి, మూడు అంతస్తులెక్కి ఆయాసపడుతున్నారు. తలుపు తీస్తే, లోపల భోజనాల బల్ల తన పాత చోటనే ఉంది. దాని మీద గుడ్డ పరిచి, పళ్లేలు సర్ది ఉన్నాయి. నేను పనికి వెళ్లాక ఓర్నెల్లా కింది వాటా అన్నదమ్ములతో పైకి మోయించిందట. నా బల్ల గుమ్మం పక్కన, కోట్లు తగిలించే కొక్కేల కింద ఉంది.

నేను నోరు తెరిచేలోపు మావ్రి గారు దాని మీద చతికిలబడ్డారు. టోపీ పక్కన పెట్టుకుని, ఊపిరి తీసుకుని ఓర్నెల్లా వైపు చూశారు.

"ఏమ్మా, ఎలా ఉంది?"

"కూర్చున్నది మీరు. మీరే చెప్పండి."

ఆయన అంచు తడిమారు, కాళ్లు చాపుకున్నారు. ఇంత మంచి బెంచీ ఎర్మెస్ ఎప్పుడూ చేయలేదని, ప్రదర్శనలో ముందు వరసలో పెడదామని అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "బెంచీయే కదా?"

బల్ల అన్నానంటే, ఆయన ఓర్నెల్లాను మళ్లీ అడుగుతారు, ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసు. ఆమె చేతులు కట్టుకుని, నేనేమంటానా అని చూస్తోంది.

"బెంచీయేనండి," అన్నాను.

మావ్రి గారు కాస్త జరిగారు. పక్కన కూర్చున్నాను. హాయిగానే ఉంది. ఆ సంగతి ఓర్నెల్లాకు ఇంతవరకూ చెప్పలేదు.